కొనేవాళ్ళ చాప

దామోదరం ఇంట్లో నడవకు ఒక పక్కన గుంత మగ్గం. ఇంకో పక్కన, గోడకు ఆనించి, చుట్టిపెట్టిన కోరచాప. ఆ చాప మీద ఇంటివాళ్ళెవరూ కూర్చోరు. నగరి ఊళ్ళో ఆ వీధి వీధంతా పాటించే ఆచారమేమీ కాదది. దామోదరం తాత కాలం నుంచి ఈ ఒక్క కొంపలో నిలిచిపోయిన పట్టింపు. చీర కొనడానికి ఎవరైనా వస్తే చాప పరుస్తారు. కొనేవాళ్ళు చాప మీద, నేసినవాళ్ళు మగ్గం పక్కన. మడత విప్పి చూపించేటప్పుడు కూడా నేసినవాడు తన పక్క నుంచే విప్పాలి. చాప వైపుకు వెళ్ళి తన చీరను తాను చూడకూడదు.

"మన సొమ్మును కొనేవాళ్ళ కంటితో మనం సూడకూడదు. సూస్తే మన దిష్టే తగులుతాది దానికి. ఇంక అది అమ్ముడుపోదు" అనేది దామోదరం భార్య నాగరత్నమ్మ.

కోడలు లోహిత ఈ ఇంటికి వచ్చిన మొదటి నెలలో, ఈ సంగతి తెలియక, ఆ చాప పరుచుకుని కూర్చుని చెనిక్కాయలు ఒలిచింది. ఆ ఏడాదే తిరుపతిలో ముప్ఫై ఏళ్ళుగా దామోదరం చీరలు తీసుకుంటున్న చెట్టియారు అంగడి మూతపడింది. పెద్దాయన పోయాడు, కొడుకులు ఆ చోట సెల్‌ఫోన్లు పెట్టుకున్నారు. కారణం ఇంట్లో అందరికీ తెలుసు. అయినా నాగరత్నమ్మ నోట ఒకటే మాట. "చెట్టియారు అంగడిని చెనిక్కాయ మాదిరి ఒలిచి పెట్టింది మా కోడలే." నవ్వుతూనే అనేది. వినేవాళ్ళూ నవ్వేవాళ్ళు. లోహిత కూడా నవ్వేది గానీ ఆ పూట అన్నం సరిగా దిగేది కాదు.

ఇంటర్ మొదటి ఏడు సగంలో చదువు మాన్పించి ఆమెకు పెళ్ళి చేశారు. తెలియనివాటికి భయపడడం చిన్నప్పటి నుంచీ ఉంది. బిడ్డ పుట్టాక తెలిసినవాటికి కూడా భయం పట్టుకుంది. వకుళకు ఇప్పుడు రెండేళ్ళు. నడక వచ్చిన రోజు నుంచి లోహిత కళ్ళు బిడ్డ మీద కన్నా మగ్గం గుంత మీదే ఎక్కువ ఉండేవి. నడుము లోతు గుంత. దామోదరం గట్టు మీద కూర్చుని, కాళ్ళు అందులోకి వదిలి, తొక్కుడు కర్రలు తొక్కుతూ అడ్డపోగు నాడె అటూ ఇటూ విసిరేవాడు. ఆయన కూర్చున్నంతసేపు పరవాలేదు. టీకి లేచి పోయినాడంటే లోహిత చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చి గుంత మీద పలక అడ్డం పెట్టేది.

ఆమె భర్త మునిచంద్ర నాయుడుపేట దగ్గర ఒక కంపెనీలో పని చేస్తాడు. శనివారం సాయంకాలం వచ్చి ఆదివారం వెళ్ళిపోతాడు. తమిళ లెక్కన నడిచే ఆడి నెల ఇంకో వారంలో పుడుతుందనగా, అలా వచ్చిన ఒక శనివారం అన్నం ముందు కూర్చుని మాట తీశాడు.

"నాయనా, మరమగ్గాల వెంకటరమణన్న మన నడవలో రెండు మరమగ్గాలు పెట్టుకుంటానంటా ఉండాడు. మూడేళ్ళకు రాసుకుందాం. నెలనెలా బాడుగ వస్తాది. నువ్వింక ఎంత కాలమని ఆ గుంతలో కాళ్ళు పెట్టుకోని కూర్చుంటావు?"

"కాళ్ళు నావి గదప్పా. నొప్పి నీకేంది?"

"నొప్పి సంగతి కాదు. నువ్వు నేసిన నాలుగు చీరలు పెట్టెలో ఉండాయి. ఏడు నెలలాయె. యాడ అమ్ముతావు, చెప్పు. చెట్టియారు లేడు. మిగతా అంగళ్ళోళ్ళు మరమగ్గం చీర పక్కన పెట్టి, ఇదీ అదీ ఒగటే గదా అంటా ఉండారు."

దామోదరం అన్నం కలిపిన చేతిని అట్లాగే ఉంచుకున్నాడు. డెబ్బై ఒకటో ఏడు. ఆ వీధిలో చేతి మగ్గం మిగిలింది ఆయన ఒక్కడికే. చుట్టూ అన్ని ఇళ్ళలోనూ మరమగ్గాలు కొట్టుకుంటూ ఉంటే, వాటి మధ్యలో ఆయన మగ్గం చప్పుడు వినాలంటే చెవి గోడకు ఆనించాలి.

లోహితకు ఆ చెయ్యి చూసి మనసు ఆగలేదు. "ఫోన్లో పెట్టి అమ్ముదాం మామా. అందరూ అట్లనే అమ్ముకుంటా ఉండారు. జోయలన్న ఉండాడు గదా తిరుపతిలో, అంగడి మాదిరి చేసిస్తాడు."

"ఫోన్లో దూరి చీరలు పరుస్తావేమే?" అంది నాగరత్నమ్మ, చారు పోస్తూ. "చాప యాడ వేస్తావు?"

దామోదరం నవ్వలేదు. కొడుకు వైపు తిరిగాడు. "రేయ్, ఆడి నెలలో ఎట్లా ఎవురూ కొత్త పని పెట్టుకోరు. ఆ ఒగ్గ నెల నాకిడిసిపెట్టు. నాలుగూ వద్దు. ఒగ్గ చీర, ఒగ్గటంటే ఒగటి, ఆ ఫోన్లో పోతే మగ్గం ఉంటాది. పోకపోతే ఆడి అయిపోయి ఆవణి పుట్టిన రోజే గుంత నేనే పూడుస్తా. నీ చేత చెప్పించుకోను."

మునిచంద్ర సరేనన్నాడు. వెంకటరమణ కూడా, "ఆడిలో నాకూ ముహూర్తం లేదు లేప్పా, నెల రోజులు ఆగినంత మాత్రాన మునిగిపోయేదేముండాది" అన్నాడు.

మర్నాడే లోహిత బిడ్డను చంకనేసుకుని పుత్తూరు మీదుగా తిరుపతి బస్సెక్కింది. జోయల్ ఆమె పుట్టింటి వీధివాడు, ఆమె అన్నతో కలిసి చదువుకున్నవాడు. బస్టాండు వెనక జెరాక్సు అంగడి నడుపుతూ, అడిగినవాళ్ళకు వెబ్‌సైట్లు కూడా చేసి పెడతాడు. లోహిత దగ్గర డబ్బు తీసుకోనన్నాడు. కంప్యూటర్లో ఒక బొమ్మ తెరిచి చూపించాడు.

"ఇది టెంప్లేటు, చెల్లెమ్మా. రెడీగా ఉండే అచ్చు. పెళ్ళి పత్రిక కొట్టేవాళ్ళ దగ్గర పాత పత్రిక ఉంటాది చూడు, పేర్లూ తేదీ మార్చి కొట్టిస్తారే, అట్లాంటిదే. ఎవురో బయటి దేశమోళ్ళు చేసి ఊరికే ఇచ్చినారు. బొమ్మలు, పేర్లు, ధరలు మనవి పెట్టుకుంటే సరి."

లోహిత ఫోటోలు తీసుకొచ్చింది. చూసి జోయల్ నవ్వాడు. "ఇదేంది, అన్నీ తలకిందులుగా ఉండాయి? చీరకు వెనక నిలబడి తీసినావా?"

మగ్గం పక్కన నిలబడి తీసిందామె. చెప్పడానికి సిగ్గనిపించి ఊరుకుంది. జోయలే వాటిని తిప్పి సరిచేశాడు. సెట్టింగుల్లో దేశం ఇండియా అని, ధరలు రూపాయల్లో అని పెట్టించాడు. వక్కరంగు చీర, రుద్రాక్ష అంచు, దామోదరం చెప్పిన ధర ఆరువేల ఎనిమిదివందలు. లోహిత తన ఫోన్లో, అంగడివాళ్ళకు మాత్రమే కనపడే ఓనరు పేజీ తెరిచి చూసుకుంది. అంకెల ముందు బుద్ధిగా రూపాయి గుర్తు నిలబడి ఉంది. తన చేత్తో ఒక అంగడి తెరిచానన్న సంగతి గుండెల్లో చల్లగా తగిలింది.

అంగట్లో ఆధార్ కార్డుల జెరాక్సుకు యాత్రికులు వరస కట్టి ఉన్నారు. జోయల్ లేస్తూ చెప్పాడు. "ఇంటికి పోయినాక బయటి నుంచి ఒకసారి చూసుకో, చెల్లెమ్మా. ఓనరు పేజీలో కాదు. ఎవురో కొనేవాళ్ళు వచ్చి చూసినట్టు చూడు. ఏమన్నా తేడా ఉంటే ఫోన్ చెయ్యి."

"సరేన్నా" అంది.

తిరుగు బస్సులో బిడ్డ నిద్రపోయింది. లోహిత ఫోన్ తీసింది. అంగడి లింకు మీదికి వేలు పోయి ఆగింది. కొనేవాళ్ళు వచ్చి చూసినట్టు. ఫోన్లో చాప ఎక్కడుందని నవ్వుకోవాల్సిన మాటే. నవ్వు రాలేదు. చెట్టియారు అంగడి, చెనిక్కాయ పొట్టు, అత్త మాట గుర్తొచ్చాయి. ఒక్క చీర మీద మగ్గం నిలబడి ఉంది. ఈ నెల రోజులూ ఏ తప్పూ జరగకూడదు. ఫోన్ సంచిలో పెట్టేసి బిడ్డ తల నిమిరింది.

ఆడి నెల నడిచింది. తిరుత్తణి గుడికి కావళ్ళు మోసుకుపోయేవాళ్ళు పసుపు బట్టలతో వీధి వెంబడి వెళ్తున్నారు. ఓనరు పేజీలో ఎంతమంది చూశారో ఒక అంకె కనపడేది. మొదటి వారం నలభై ఒకటి. దామోదరం రోజూ సాయంకాలం నాడె పక్కన పెట్టి గుంతలోనుంచే అడిగేవాడు.

"ఈ పొద్దు?"

"చూసినారు మామా."

"ఊ."

అంతే. చూసినారు అన్న మాటలోనే కొనలేదన్నది ఉంది కాబట్టి ఇద్దరూ దాన్ని విడిగా అనేవాళ్ళు కాదు.

రెండో వారానికి తొంభై ఏడు. పక్కింటి దేవకమ్మ నీళ్ళ కొళాయి దగ్గర అడిగింది. "ఏమ్మే లోహితా, ఫోన్లో ఎక్కిన చీర తిరుపతి చేరిందా? పుత్తూరు దాటలేదా ఇంకా?" చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. లోహిత బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది.

ఆ సాయంకాలం దామోదరం ఈ పొద్దు అని అడగలేదు. "ధర ఎక్కువేమోమ్మే" అన్నాడు. "ఆరువేల రెండొందలు చెయ్యి."

లోహిత మార్చింది. ఆయన అంతకుముందు ఎవరికీ ధర దించినవాడు కాదు. చెట్టియారు బేరమాడితే చీర మడిచి సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచేవాడట. చెట్టియారే మనిషిని పంపి వెనక్కి పిలిపించేవాడట.

మూడో వారంలో నూట అరవై. దామోదరం ఇంకోసారి దించాడు. ఐదువేల నాలుగొందలు. ఈసారి ఆమె వైపు చూడకుండా, పడుగు దారాలు సరిచేస్తున్నట్టు తల వంచుకుని చెప్పాడు. నాగరత్నమ్మ వంటింటి గడప మీద నిలబడి విన్నది. ఆ పట్టుకూ నూలుకూ పెట్టింది కూడా రాదని ఆమెకు తెలుసు. తిరిగి పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ వారంలోనే వకుళ గుంతలో పడింది. లోహిత ఇలా పొయ్యి మీది పాలు దించి వచ్చేలోగా, బిడ్డ ఉరుక్కుంటూ పోయి గట్టు మీద కాలు జారింది. దామోదరం కాళ్ళు అప్పుడు గుంతలోనే ఉన్నాయి. రెండు మోకాళ్ళ మధ్య బిడ్డను పట్టేసుకున్నాడు. మోచెయ్యి గీసుకుపోయింది అంతే. అయినా లోహిత సాయంకాలం దాకా బిడ్డను చంక దించలేదు. భర్త ఫోన్ చేస్తే ఏడుస్తూ అనేసింది. "ఆ గుంత పూడ్చేస్తే పీడా పోతాది."

అన్న తర్వాత నాలుక కరుచుకుంది. మునిచంద్ర, "పది రోజులే గదా ఇంక" అన్నాడు. ఆ మాటకు తన లోపల ఎక్కడో కాస్త నెమ్మది కలిగిందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆడి ఆఖరి రోజుకు చూసినవాళ్ళు రెండువందల పన్నెండు మంది. కొన్నవాళ్ళు లేరు.

ఆవణి ఒకటో తేదీ పొద్దున వెంకటరమణ మేస్త్రీనీ ఇసుక బండినీ పంపించాడు. మునిచంద్ర సెలవు పెట్టుకుని వచ్చాడు. మగ్గం కొయ్యలు విప్పి మిద్దె మీదికి చేర్చారు. దామోదరం అప్పటికీ గట్టు మీద, కాళ్ళు గుంతలో వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా మగ్గం లేదు. తొక్కుడు కర్రలు లేవు. మేస్త్రీ ఇసుక గమేళా పట్టుకుని నిలబడ్డాడు గానీ లెమ్మని ఎవరూ అనలేకపోయారు.

"నాయనా" అన్నాడు మునిచంద్ర చివరికి.

"లేస్తాలేప్పా." చేతులు గట్టు మీద ఆనించి నెమ్మదిగా కాళ్ళు పైకి తీసుకున్నాడు. గుంతలోకి వంగి అడుగున ఉన్నవి ఏరాడు. దారం చుట్టిన కండెలు రెండు, విరిగిన దువ్వెన, నాలుగు నెలల కింద పోయిందని నాగరత్నమ్మ ఇల్లంతా వెతికిన వకుళ వెండి మువ్వ ఒకటి. మువ్వను పంచె కొసకు తుడిచి కోడలి చేతిలో పెట్టాడు. కర్పూరం వెలిగించాడు. మొదటి గమేళా ఇసుక తానే పోశాడు.

"రెండొందల పన్నెండు మంది సూసినారంట" అన్నాడు, ఎవరితోనో కాదు, ఇసుకతో అన్నట్టు. "ఒగరికీ వద్దంట. ఇంక ఎవురికి నేసేది?"

మధ్యాహ్నానికి సిమెంటు పూశారు. మూడో రోజుకు మరమగ్గాలు బిగించి కరెంటు ఇచ్చారు. నడవలో ఒకరి మాట ఒకరికి వినపడడం మానేసింది. చోటు లేక కోరచాపను ముందు పంచలోకి చేర్చారు.

నాలుగో రోజు పదిన్నర గంటలప్పుడు లోహిత ఫోన్ మోగింది. లోపల చప్పుడుకు ఏమీ వినపడక, బిడ్డను ఎత్తుకుని వీధిలోకి వచ్చింది.

"నమస్కారమమ్మా. నా పేరు కోమలవల్లి. చంద్రగిరి నుంచి మాట్లాడుతున్నాను. బడిలో పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. చీరల అంగడి మీదేనా? కింద ఈ నంబరుంది."

"మాదేనమ్మా. చెప్పండి."

"నువ్వు కోపం తెచ్చుకోకూడదు. ఆ వక్కరంగు చీర ఉంది చూడు, రుద్రాక్ష అంచుది. అది డాలర్లకు తప్ప ఇవ్వరా? మాబోటివాళ్ళం రూపాయల్లో కొనుక్కునే వీలేమైనా ఉందా?"

"డాలర్లేంది అమ్మా?"

"ఐదువేల నాలుగువందల డాలర్లని ఉంది కదమ్మా. మొదట చూసినప్పుడు ఆరువేల ఎనిమిదివందలుండేది. మా మేనల్లుడు లెక్క కట్టి, ఇప్పుడు కూడా నాలుగున్నర లక్షలు దాటుతుంది అత్తా, ఎవరో దొంగలు, ఫోన్ చెయ్యొద్దు అన్నాడు. నాకు మనసొప్పలేదు. ఆ అంచు మా అమ్మ చీరకుండేది. అలాంటి అంచు నేసినవాళ్ళు దొంగలెలా అవుతారు, అడిగి చూద్దామని."

లోహిత బిడ్డను గట్టిగా పట్టుకుంది.

"మొదట ఎప్పుడు చూసినారమ్మా మీరు?"

"శ్రావణానికి చీర వెతుక్కుంటుంటే కనపడింది. ఇరవై ఐదు రోజులైందేమో. అప్పుడే అడిగి ఉండాల్సింది. మొహమాటపడ్డాను."

"మీకు మళ్ళీ చేస్తానమ్మా. చీర ఎవురికీ ఇవ్వను. మీకే పెడతాను."

పంచలోకి వచ్చింది. బిడ్డను దించింది. కోరచాప తాడు విప్పి పరిచింది. దాని మీద కూర్చుని, ఈ నెలన్నరలో మొదటిసారి, తన అంగడి లింకును కొనేవాళ్ళ మాదిరి తెరిచింది.

చీర తెర నిండా వచ్చింది. మంచి వెలుతురులో, రుద్రాక్షలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా. కింద అంకె. అంకె ముందు, కర్రకు చుట్టుకున్న పాముపిల్ల లాగా, డాలరు గుర్తు. రెండో చీర. మళ్ళీ అదే. మూడు, నాలుగు. ఓనరు పేజీకి వెళ్ళి చూసింది. అక్కడ రూపాయి. బయటికి వచ్చింది. డాలరు.

నాగరత్నమ్మ చాటతో బియ్యం చెరగడానికి పంచలోకి వస్తూ నిలబడిపోయింది. "మే! ఆడ కూర్చున్నావేంది? లెయ్!"

లోహిత లేవలేదు. జోయల్‌కు ఫోన్ చేసింది.

అతను తన కంప్యూటర్లో తెరిచి చూశాడు. "అయ్యో" అన్నాడు. "నా తప్పు కూడా ఉండాది చెల్లెమ్మా. ఈ టెంప్లేటు చేసినోళ్ళు ధర ముందర వాళ్ళ డాలరు గుర్తును చేత్తో కొట్టి పెట్టుండారు. మనం సెట్టింగులో రూపాయని పెడితే లోపల మారింది గానీ, చేత్తో కొట్టింది ఎట్ల మారతాది? పత్రికలో పాత పెళ్ళికొడుకు పేరు మిగిలిపోయినట్టయింది." ఆగాడు. "నువ్వు బయటి నుంచి చూడలేదా? చూడమన్నా గదా."

"చూడలేదన్నా."

"డబ్బు కట్టే పేజీ దాకా ఒక్కరు వచ్చుంటే ఆడ రూపాయే కనపడేది."

"అంతదాకా ఎవురూ రాలేదన్నా."

ఎట్లా దిద్దాలో అతను చెబుతూ పోయాడు. టెంప్లేటు లోపలి పేజీ తెరవాలి. ధర వచ్చే చోట చేత్తో కొట్టిన గుర్తు తీసెయ్యాలి. దాని బదులు రూపాయి గుర్తు కూడా చేత్తో కొట్టకూడదు, సెట్టింగులో ఏముంటే అది తెచ్చి పెట్టుకునే మాట ఒకటి ఉంటుంది, అది రాయాలి. అట్లా రాస్తే మళ్ళీ ఈ తప్పు రాదు. చీరల వరస చూపించే పేజీలో ఒకటి, ఒక్కో చీర పేజీలో ఒకటి, పాత ధర కొట్టేసి చూపించే చోట ఒకటి. మూడు చోట్ల. చిన్న తెర మీద, చెమట పట్టిన వేలితో, ఒక్కో అక్షరం చూసుకుంటూ దిద్దింది. తిరిగి తెరిచింది. రూపాయి గుర్తు వచ్చి నిలబడింది.

ఇరవై నిమిషాల పని.

కోమలవల్లికి ఫోన్ చేసి చెప్పింది. "రూపాయలేనమ్మా. తప్పు పడింది." అవతల ఆమె ఎంత సంతోషపడిందంటే లోహిత ఫోన్‌ను చెవికి కొంచెం దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. "నేను తీసుకుంటున్నానమ్మా. ఇదే అంచుతో, ఆకుపచ్చలో, మా చెల్లెలికి కూడా ఒకటి నేసిస్తారా? తొందరేమీ లేదు. ఎన్నాళ్ళైనా ఆగుతాం."

"అడిగి చెప్తానమ్మా" అంది లోహిత.

దామోదరం టీ అంగడి నుంచి వచ్చేసరికి పన్నెండయింది. ఇప్పుడు ఆయనకు పగలు చెయ్యడానికి ఏమీ లేదు. పోయి ఒక టీ తాగి, ఇంకో టీ తాగేదాకా అక్కడే కూర్చుని వస్తాడు. చాప మీద కోడలిని చూసి మెట్టు మీదే ఆగాడు. నాగరత్నమ్మ అప్పటికి చాట పక్కన పెట్టి గోడకు చేరగిలపడి ఉంది.

"మామా, చీరలు పోకపోవడం నా వల్లే" అంది లోహిత.

లోపల రెండు మరమగ్గాలూ కొట్టుకుంటున్నాయి. "ఆ?" అన్నాడు దామోదరం చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

ఆమె మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి చెప్పడానికే ఊపిరంతా అయిపోయింది. ఇప్పుడు వీధి దాకా వినపడేంత గట్టిగా, ఒక్కో ముక్కా అరిచి చెప్పింది. ధర ముందర డాలరు గుర్తు పడిందని. చూసినవాళ్ళకు లక్షల్లో కనపడిందని. బయటి నుంచి చూసుకోమని జోయలన్న చెప్పినా తను చూడలేదని. "కొనేవాళ్ళ మాదిరి చూస్తే పోదేమోనని భయపడినాను మామా. బిడ్డ పడినప్పుడు గుంత పూడ్చేస్తే బాగుండని కూడా అనుకున్నాను. అది కూడా నిజమే."

దేవకమ్మ తన గడపలోకి వచ్చి నిలబడింది.

దామోదరం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపు మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"బిడ్డ ఇంకోసారి పడుంటే నేను మాత్రం మగ్గం ముందర కూర్చునేవాణ్ణా?" అన్నాడు. తర్వాత, "అయితే సూసినోళ్ళకు నచ్చిందా?"

"నచ్చింది మామా. చంద్రగిరిలో ఒక టీచరమ్మ ఇరవై ఐదు దినాలుగా మరిచిపోలేకుండా ఉందంట. వాళ్ళమ్మ చీరకు ఇదే అంచంట. ఇంకొకటి, ఆకుపచ్చలో, నేసిస్తారా అని అడిగింది. ఎన్నాళ్ళైనా ఆగుతానన్నది."

దామోదరం నడవలోకి చూశాడు. మరమగ్గాల కాళ్ళు కొత్త సిమెంటులోకి బోల్టులతో దిగి ఉన్నాయి. మూడేళ్ళకు రాసుకున్నారు. మూడేళ్ళకు ఆయనకు డెబ్బై నాలుగు. ఇప్పటికే గుంతలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాలి. ఆ లెక్క ఆయన వేసుకుంటున్నాడని లోహితకు తెలుస్తూనే ఉంది. నాగరత్నమ్మకూ తెలిసింది. "అదంతా ఇప్పుడెందుకులే" అంది ముసలామె. "కోడలిని అనేదేముండాది. పిచ్చి మాటలు నూరిపోసింది నేను."

"నువ్వు జరుగమ్మే" అన్నాడు దామోదరం లోహితతో.

ఆమె లేచింది. ఆయన మెట్టెక్కి వచ్చి కోరచాప మీద కూర్చున్నాడు. యాభై ఏళ్ళకు పైగా ఆ చాపకు ఎదురుగా కూర్చున్న మనిషి. ఎట్లా కూర్చోవాలో తెలియనట్టు ఒకసారి కాళ్ళు చాపాడు, మళ్ళీ ముడిచాడు.

"ఆ వక్కరంగుది తీసుకోని రా. ఆ పక్క కూర్చో. సూపించు."

లోహిత పెట్టె తెరిచి చీర తెచ్చింది. ఎదురుగా నేల మీద కూర్చుని మడతలు విప్పింది. చీర చాప మీదికి పాకి ఆయన మోకాళ్ళను తాకింది. దామోదరం వెంటనే ముట్టుకోలేదు. తల కొంచెం వెనక్కి తీసి చూశాడు, చెట్టియారు చూసేవాడే, అట్లా. అంచును వేళ్ళ మధ్య పట్టుకుని నలిపాడు. తిరగేసి వెనక పోగులు చూశాడు. కొంగు దగ్గర ఒక రుద్రాక్ష మీద వేలు ఆగింది.

"ఈడ ఒగ పోగు లూజు" అన్నాడు.

"కనపడదు మామా."

"కనపడతాది." చీరను ఒళ్ళో పెట్టుకున్నాడు. "అయినా బాగుండాది."

ఎవరో వేరేవాళ్ళు నేసిన చీర గురించి చెప్పినట్టే చెప్పాడు.

వకుళ లోపలికి, నడవలోకి ఉరికింది. కాలి మువ్వలు చప్పుడు చేశాయో లేదో మరమగ్గాల మోతలో తెలియలేదు. లోహిత అదిరిపడి సగం లేచింది. అంతలో గుర్తొచ్చి కూర్చుంది. బిడ్డ నున్నటి సిమెంటు మీద, ఎక్కడా ఆగకుండా, ఆ గోడ దాకా పోయి తిరిగి వచ్చింది.

దామోదరం చీర మడవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ మగ్గం పక్క నుంచి మడిచిన చేతులు. చాప పక్క నుంచి మడతలు కుదరడం లేదు. కుడి అంచు ఎడమకు పోతోంది, కొంగు లోపలికి పడుతోంది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండోసారి కూడా ఒక మూల బయటికి పొడుచుకువచ్చింది. దాన్ని అరచేత్తో అదిమి, కోడలికి ఇచ్చాడు.

"రేపు పొద్దున బస్సుకు నువ్వే పోయి ఇచ్చేసి రా. రెండోది కుదరదని చెప్పు." కొంచెం ఆగి, "ఎందుకని అడిగితే మగ్గం లేదని చెప్పు. ఇంకేమీ చెప్పొద్దు" అన్నాడు.

లోహిత చీరను తిరిగి మడవలేదు. ఆ మూల అట్లాగే ఉండగా పసుపు బొట్టు పెట్టి, పాత పంచె గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టింది.